నలభై నిమిషాల రొట్టె

"డియర్ పేరెంట్స్, రేపు మన బడిలో బ్రెడ్ మేకింగ్ యాక్టివిటీ. యూకేజీ పిల్లలు తప్పనిసరిగా తేవలసినవి: మిల్క్ బ్రెడ్ ప్యాకెట్ ఒకటి (అంచులు ఇంట్లోనే కోసి పంపగలరు), జామ్ సీసా, ప్లాస్టిక్ చెంచా, తెల్ల ఏప్రాన్, చెఫ్ టోపీ. టోపీ లేని పిల్లలను గ్రూప్ ఫొటోలోకి అనుమతించము."

ఈ నోటీసు ఏ బడిదో చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు. జగిత్యాలలో టైపు చేసి, కోరుట్లలో ఫార్వర్డ్ చేసి, సిరిసిల్లలో తేదీ మార్చి పంపినట్టుండే నోటీసులు మన ఫోన్లలో బోలెడున్నాయి. బడి పేరులో టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్, గ్లోబల్ అనే నాలుగు మాటల్లో రెండైనా ఉండాలి. మూడుంటే ఏసీ బస్సు. నాలుగూ ఉంటే ఆ బడికి ఆటస్థలం అవసరం లేదు.

బ్రెడ్డు తయారీకి కావలసిన ముడిసరుకు బ్రెడ్డే అని కనిపెట్టిన కరస్పాండెంటు గారికి పట్టణ ప్రముఖులు వెంటనే శాలువా కప్పాలి. ఇదే శాస్త్రం ముందుకు సాగితే వచ్చే వారం ఈత క్లాసుకు పిల్లలను ఇంటి దగ్గరే తడిపి పంపమంటారు. ఆ పై వారం రైతు దినోత్సవానికి కిలో బియ్యం ప్యాకెట్టు తెమ్మంటారు. జగిత్యాల సన్నాలు అనే పేరు మీద ఊళ్లకు ఊళ్లు నాటుకున్న జేజీఎల్ 1798 రకం పుట్టింది ఊరవతల పొలాస పరిశోధన కేంద్రంలో. ఆ పొలం దాకా పిల్లలను తీసుకుపోవడానికి బడికి బస్సు ఉంది, డ్రైవరున్నాడు, డీజిలూ ఉంది. పొలంలో బురద ఉండటం ఒక్కటే అడ్డం. తెల్ల బూట్లకు అది సిలబస్‌లో లేదు.

బ్రెడ్డు సంగతికొద్దాం. సంచీలో ఆ ప్యాకెట్టు చూసిన ముసలామె ముందు కంగారుపడుతుంది. మన దగ్గర బ్రెడ్డుకున్న హోదా అట్లాంటిది. సర్కారు దవాఖానకు మనిషిని చూడబోతే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, ఇంకో చేతిలో నాలుగు మోసంబీలు. అది తిండి కాదు, పరామర్శ.

"ఎవలకు జరమచ్చింది బిడ్డా?"

"ఎవలకు రాలే బాపమ్మా. రేపు బడిల మేమే బ్రెడ్డు చేస్తం."

"చేసిన బ్రెడ్డు సంచిలనే ఉండె గదనే. ఇంకేం చేస్తరు?"

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల విద్యావేత్త ఆ బడిలో లేడు. మరుసటి రోజు జరిగింది ఇది. పీరియడు నలభై నిమిషాలు. అందులో టోపీలు సర్దడానికి పదిహేను. ఏడుస్తున్న పిల్లవాడిని ఊరుకోబెట్టడానికి ఐదు, వాడి టోపీ ఏడుపుకు కారణమని తెలుసుకోవడానికి ఇంకో ఐదు. జాము పూయడానికి మూడు. మిగిలిందంతా ఫొటో. పూసిన ముక్కను నోటి దగ్గర పెట్టుకుని నవ్వాలి, కొరకకూడదు. కొరికితే మళ్లీ ఇంకో ముక్కకు పూయాలి, అప్పటికే లెక్కల మేడం గుమ్మంలో నిలబడి గడియారం చూస్తుంటుంది. సాయంత్రానికి గ్రూపులో నలభై ఫొటోలు, కింద ఒక వాక్యం: పిల్లలు ఈ రోజు బ్రెడ్డు తయారు చేయడం స్వయంగా నేర్చుకున్నారు. దాని కింద తల్లిదండ్రుల చప్పట్ల బొమ్మలు. తమ పిల్ల ముఖం సగమే పడిందని ఒక తల్లి ఫిర్యాదు.

రొట్టె అంటే నలభై నిమిషాల్లో ముగిసే వ్యవహారం కాదు. అరకిలో గోధుమపిండి, మూడు వందల మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, ఐదు గ్రాముల ఈస్టు, కాస్త ఉప్పు. ఇంతే సామాను. ఐదేళ్ల పిల్లలు పది మంది ఆ పిండి చుట్టూ కూర్చుంటే మొదటి పది నిమిషాలు అంతా అంటుకుపోతుంది. చేతులకు, ముక్కుకు, పక్కవాడి జుట్టుకు. పిసకగా పిసకగా అదే పిండి చేతిని వదిలి సాగడం మొదలుపెడుతుంది. ఎందుకు సాగుతున్నదో అప్పుడు చెబితే పిల్లకు అర్థమవుతుంది, పాఠంలో చెబితే అర్థం కాదు. తర్వాత గుడ్డ కప్పి వదిలేయాలి. ఈస్టు అంటే ప్రాణమున్న జీవి. పిండిలోని చక్కెర తిని గాలి వదులుతుంది, ఆ గాలికి పిండి పొంగుతుంది. దానికి గంట పట్టొచ్చు. పొంగిన పిండిని అణచి, ముద్దలు చేసి, మళ్లీ పొంగనిచ్చి, రెండు వందల డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చి, చల్లారనివ్వాలి. పొద్దున ప్రార్థన అయ్యాక మొదలుపెడితే అన్నం గంట వరకు పని. ఆ మధ్యలో పిల్ల నాలుగుసార్లు వచ్చి గుడ్డ ఎత్తి చూస్తుంది. ఆ ఎత్తి చూడటమే చదువు. ఈస్టుకు మాత్రం ఐఐటీ ఫౌండేషన్ క్లాసు చెప్పి తొందరగా పొంగేలా చేయలేము. ఎక్కువ వేడినీళ్లు పోసి తొందరపెడితే చచ్చిపోతుంది. ఈ ముక్క మన కరస్పాండెంట్లు వింటే బాగుండును. ఈస్టు కోసం కాదు, ఎల్‌కేజీ కోసం.

నిజానికి ఈ పనికి ప్రకృతి మనకిచ్చిన రాయితీ ఇంకెవరికీ ఇవ్వలేదు. చలిదేశాల్లో పిండి పొంగడానికి వెచ్చని మూల వెతుక్కుంటారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో ఊరంతా వెచ్చని మూలే. ఇక్కడి పిండికి తెలివుంటే పిసకకముందే పొంగుతుంది. ఊరి నడిమి నక్షత్రాకారపు కోటను 1747లో ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారని చెప్పుకుంటాం. లోకంలో రొట్టెకు పెట్టింది పేరైన జాతి మనిషి ఇక్కడిదాకా వచ్చి, గోడలు కట్టి, కందకం తవ్వి, రొట్టె బట్టీ నేర్పకుండా వెళ్లిపోయాడు. ఆయననూ తప్పుపట్టలేం. ఆయనకూ పీరియడు నలభై నిమిషాలే ఇచ్చి ఉంటారు.

అసలు రొట్టె నేర్చుకోవడానికి ఫ్రాన్సు దాకా ఎందుకు? ఈ తట్టు మక్కల సీమ. మక్కపిండిలో గోధుమకున్న జిగురు ఉండదు. అందుకే అది పొంగదు, చల్లనీళ్లతో పిసికితే విరిగిపోతుంది. ఉడుకునీళ్లు పోసి పిసికి, చెక్కపీట మీద అరచేత్తో తడుతూ తిప్పి, పెంక మీద వేస్తారు. ఉడుకునీళ్లు ఎందుకు పోస్తారో ముసలామెను అడగండి. "లేకుంటె పలుగుతది" అంటుంది. అందులో ఒక వారం సరిపడా సైన్సు పాఠముంది. గిన్నెకు నూనె రాసి, పిండి అద్ది, వేలితో బొక్కలు పెట్టే సర్వపిండి ఉంది. ఆ బొక్కలు పెట్టే పని ఇంట్లో ఎప్పుడూ పిల్లలదే, అంతకంటే ఇష్టమైన పని వాళ్లకు లేదు. సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి బెల్లం కలిపే మలీద ఉంది. ఆ నలిపే చేతుల్లో సగం చిన్న చేతులే. వీటికి ఓవెనక్కర్లేదు, టోపీ అక్కర్లేదు. కానీ ఇవే డబ్బాలో పెట్టి పంపితే, "మక్కరొట్టె వద్దు, పక్క పిల్లలు నవ్వుతున్నారు, బ్రెడ్ జామ్ పంపగలరు" అని డైరీలో ఎర్రసిరాతో రాసేది ఈ బడే. ఆ డైరీ రాసిన చేతికే తర్వాత యాక్టివిటీ కోఆర్డినేటర్ అని హోదా ఇచ్చారు.

పిల్లల చేతికి పిండినిచ్చే చదువు ఎక్కడ పుట్టిందో మన బడి బ్రోచర్లలో రాయరు. రాస్తే చిక్కు. జాన్ డ్యూయీ 1896లో షికాగోలో పెట్టిన ప్రయోగ బడిలో పిల్లలు వంట చేస్తూ రసాయన శాస్త్రం నేర్చుకున్నారు. మారియా మాంటిస్సోరి 1907లో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో, రోజంతా కూలికి పోయే తల్లుల పిల్లల కోసం. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయింది. ఇక వారానికొక రోజు పిల్లలతో రొట్టెలు చేయించడం ఆనవాయితీగా ఉన్న వాల్డార్ఫ్ శిశు తరగతులున్నాయే, వాటి మూలం ఇంకా ముచ్చటైనది. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఎమిల్ మోల్ట్ అనే ఫ్యాక్టరీ పెద్ద తన కార్మికుల పిల్లల కోసం బడి పెట్టమని రుడాల్ఫ్ స్టైనర్‌ను అడిగాడు. ఆ ఫ్యాక్టరీ ఏం చేసేదనుకున్నారు? సిగరెట్లు.

పొగాకు కార్మికుల బిడ్డల కోసం పుట్టిన చదువు అది. ఇప్పుడు కోరుట్ల, మెట్‌పల్లి వాడకట్టుల్లోకి పోయి చూడండి. అరుగు మీద చాట ముందు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, కట్టలు కట్టే తల్లులు ఎంతమందో. జగిత్యాలలో, సిరిసిల్లలో కూడా అంతే. పొగాకు కార్మికుల బిడ్డలకు ప్రపంచంలోకెల్లా మంచి బడి ఉండాలని ఒక సిగరెట్ ఫ్యాక్టరీవాడు నూరేళ్ల కింద అనుకున్నాడు. మన దగ్గర ఆ బడి మాటేమో హైదరాబాదులోని డబ్బున్న ఇళ్ల దాకా వచ్చి ఆగింది. దాని ఫొటో ఒకటి కోరుట్లకు వచ్చింది. ఆ ఫొటోకు ఫీజు బీడీల తల్లి కడుతున్నది.

ఆమె ఎందుకు కడుతున్నదో కూడా చెప్పుకోవాలి, లేకపోతే వెటకారం తప్పు గుమ్మానికి తగులుతుంది. "నా చేతులసొంటి చేతులు నా బిడ్డకు వద్దు" అంటుందామె. గోళ్ల సందుల్లో తంబాకు నలుపు, నడుము వంగిన నొప్పి, లెక్కలో తీసేసిన కట్టలు. ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత, కుర్చీలో కూర్చుని రాసుకునే మనలాంటివాళ్లకు లేదు. ఆమె కోపం పని మీద కాదు, దానికిచ్చే కూలి మీద. కానీ బడి ఆ కోపాన్ని అడ్మిషన్ ఫారంగా అచ్చేసుకుంది. మీ పిల్ల చేతికి మట్టి అంటదు, పిండి అంటదు, పని అంటదు అని హామీ ఇచ్చి డబ్బు తీసుకుంది. ఆ తర్వాత చేతికి పని ఉండాలని పైనుంచి కొత్త విద్యా విధానం వస్తే, పనిని వేషంగా మార్చి ఏప్రాన్ కట్టింది. రెండు వైపులా ఫీజే. మొదట పని నుంచి తప్పించినందుకు, తర్వాత పనిని చూపించినందుకు.

తల్లి సంగతి ఇట్లుంటే తండ్రి ఇంకా దూరంలో ఉన్నాడు. ఈ పట్టణాల చుట్టూ ఊళ్లలో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలి. దుబాయి, మస్కట్, దోహా క్యాంపుల్లో వాళ్ల కడుపు నింపేది కుబ్బూస్ రొట్టె. వాళ్లలో కొందరు ఆ కుబ్బూస్ చేసే బేకరీల్లోనే పని చేస్తారు. రాత్రంతా పిండి కలిపి, బట్టీ ముందు నిలబడి, తెల్లారేసరికి వేల రొట్టెలు లెక్కపెట్టి అప్పగించే మనిషి, షిఫ్టు దిగి ఫోను తెరిస్తే ఏముంటుంది? కొడుకు చెఫ్ టోపీతో ఫొటో. బ్రెడ్డు తయారు చేయడం నేర్చుకున్నాడట! ఆయన పంపిన దిర్హాములతోనే ఆ ఫీజు, ఆ టోపీ, ఆ జాము. రొట్టె చేయడం వచ్చిన మనిషి అక్కడ, రొట్టె నేర్పే రుసుము ఇక్కడ. వీడియో కాల్‌లో ఆయనను తరగతికి చూపించి "ఇదిగో మన రాజు వాళ్ల బాపు, పిండి ఎట్లా పొంగుతదో చెప్తడు" అనాలని ఒక్క ప్రిన్సిపాలుకూ తట్టలేదు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రియల్ ఎస్టేట్ ఆయన దొరుకుతుంటే బేకరీ కూలీని ఎవరు పిలుస్తారు? గల్ఫ్ బేకరీల్లో మనవాళ్లున్నారన్న సంగతి మనకు గుర్తొచ్చే సందర్భాలు కూడా వేరు. 2025 ఏప్రిల్‌లో దుబాయిలోని ఒక బేకరీలో ఇద్దరు తెలంగాణ కార్మికులు హత్యకు గురైనప్పుడు కొన్ని రోజులు గుర్తొచ్చింది. శవపేటికలు వచ్చే దాకా.

టోపీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఆ టోపీ సిరిసిల్లలో దొరకలేదు. మరమగ్గాల ఊరు! రాత్రీ పగలూ సాంచల చప్పుడుకు అలవాటుపడి, కరెంటు పోతే నిద్ర లేచే ఊరు. సర్కారు బడి పిల్లల యూనిఫారం బట్ట, 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరలు, ఆ తర్వాత మహిళా సంఘాల చీరలు నేసిన ఊరు. ఆర్డరు వస్తే పండుగ, రాకపోతే పస్తు. అట్లాంటి ఊరి తల్లి జానెడు తెల్లబట్ట టోపీ కోసం ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి, రేపటిలోగా వస్తుందో రాదో అని రాత్రంతా ఫోను చూస్తూ కూర్చుంది. పక్కింట్లో సాంచ నడుస్తూనే ఉంది. ఏ మీటరు బట్టకు పని దొరుకుతుందా అని ఎదురుచూసే ఆసామి, తన కొడుకు తలమీదికి ఎక్కడో కుట్టిన టోపీ కొన్నాడు. టోపీ పెట్టడంలో మన బడులకు అనుభవం కొత్తది కాదు.

(జాము గురించి కూడా రాద్దామనుకున్నాను. అందులో ఉండేది ఎక్కువగా చక్కెరే. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ప్రతి ఎన్నికకూ ఒకసారి తెరుచుకుంటుంది, ప్రసంగంలో. దాని సంగతి వదిలేద్దాం, అది పెద్దల యాక్టివిటీ.)

ఇంతకూ నిజంగా మంట, నిజంగా గిన్నె, నిజంగా ఆవిరి ఉన్న బడి ఈ పట్టణాల్లో ఎక్కడుంది? సర్కారు బడిలో ఉంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించాక, 2003 నుంచి మన దగ్గర సర్కారు బడుల ఆవరణల్లో పొయ్యి వెలుగుతున్నది. చాలాచోట్ల ఇంకా కట్టెల పొయ్యే. వంద మందికి వండే ఇద్దరు ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి బియ్యం ఏరి, పప్పు నానేసి, కూరగాయలు తరిగి, గంట కొట్టేసరికి సిద్ధం చేస్తారు. వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, యాభై గ్రాముల కూరగాయలు, ఐదు గ్రాముల నూనె. అది చిన్నపిల్ల కొలత. పెద్దపిల్లకు దానికి ఒకటిన్నర రెట్లు. కొలతలు, భాగహారం, బరువు, వేడి, ఆవిరి, ఉప్పు కరగడం, పిండి పదార్థం ఉడకడం. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పాఠాలన్నీ ఆ గిన్నెలో ఉడుకుతుంటాయి. పిల్లలకు మాత్రం ఆ పొయ్యి దగ్గరికి రావద్దని తాడు కట్టి ఉంటుంది. తరగతి గదిలో బోర్డు మీద రాస్తారు: నీరు వంద డిగ్రీల వద్ద మరుగును. కిటికీలోంచి ఆ మరిగే నీటి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కిటికీ మూయమంటారు, పాఠానికి అడ్డమని.

ఆ గిన్నెకు సర్కారు కట్టిన వెలను కూడా ఒకసారి బ్రెడ్డు పక్కన పెట్టి చూద్దాం. బియ్యం విడిగా వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు అన్నీ కలిపి ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు కేంద్రం ఖరారు చేసిన ఖర్చు 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు. ఆ డబ్బుతో బేకరీకి పోతే మిల్క్ బ్రెడ్డులో రెండు ముక్కలొస్తాయి. అంచులతో సహా. జాము రాదు. వండే ఆమెకు నెలకు వెయ్యి రూపాయలని 2009లో అన్నారు, అదీ ఏడాదికి పది నెలలే. అది 3,000 కావడానికి తెలంగాణలో 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ పైసలు కూడా నెలల తరబడి రాక, సొంత పుస్తెలు కుదువ పెట్టి పప్పు తెచ్చినోళ్లు కలెక్టరేట్ల ముందు కూర్చుంటూనే ఉంటారు. వాళ్లను "కుక్ కమ్ హెల్పర్" అంటారు కాగితాల్లో. తెలుగులో చెప్పాలంటే, అప్పు ఇచ్చేవాళ్లు కూడా వాళ్లే.

పాలకులకు ఈ విషయంలో కల్పనాశక్తి తక్కువేం కాదు. 2020 జాతీయ విద్యా విధానం పొద్దున తేలికైన పలహారం పెడితే పిల్లల బుర్ర బాగా పనిచేస్తుందని రాసింది. రాసి ఊరుకుంది. మన దగ్గర 2023 అక్టోబరు 6న ముఖ్యమంత్రి అల్పాహార పథకం మొదలైంది. అప్పటికి ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. ఇడ్లీ, ఉప్మా, పొంగలి అని పట్టిక వేశారు. ఓట్లు లెక్కపెట్టాక పొయ్యి చల్లారింది. పిండి కంటే తొందరగా పొంగి, పిండి కంటే తొందరగా చప్పబడేది ఒక్క పథకమే. చిన్నపిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి జాదుయీ పిటారా అని ఒక మాయాపెట్టె కూడా విడుదలైంది. ఆటబొమ్మలు, పజిళ్లు, కార్డులు. చేత్తో చేస్తూ నేర్చుకోవాలని దాని ఉద్దేశం. పిల్లల చేతనే వండించి, ఊడ్పించి, వడికించి చదువు చెప్పాలని 1937లో వార్ధాలో ఒక ముసలాయన ప్రతిపాదించినప్పుడు పెట్టె లేదు. అందుకే ఎవరూ తెరవలేదు కాబోలు.

మనల్ని కూడా వదలొద్దు. రేపు ఏదైనా బడి నిజంగానే పిల్లల చేత పిండి పిసికించిందనుకోండి. మూడు గంటలు లెక్కలు మానేసి, నేల మీద కూర్చోబెట్టి, బట్టలు పిండి చేసి ఇంటికి పంపిందనుకోండి. సాయంత్రానికి గ్రూపులో మనమే మొదలుపెడతాం. "ఇంత ఫీజు కట్టింది రొట్టెలు చేయనీకెనా?" "మా బాబు టేబుల్స్ పన్నెండు దాకనే అయినయి, పక్క బడిల ఇరవై అయినయి." "షర్టు మరక పోతలేదు మేడం." కాలిన రొట్టె ఒకటి ఇంటికొస్తే దాన్ని ముందు తూకం వేసి, తర్వాత ఫొటో తీసి, చివరికి కరస్పాండెంటుకు పంపుతాం. వంకర రొట్టె చేసిన పిల్లను పక్కింటి గుండ్రటి రొట్టెతో పోల్చి రెండు దెబ్బలేస్తాం. ఫొటో అయితే ఇవేమీ ఉండవు. ఫొటోలో రొట్టె ఎప్పుడూ కాలదు. మనం అడిగిందే బడి వండి పెడుతున్నది.

అయినా ఒక మాట అడిగి చూద్దామని ఎవరైనా కరస్పాండెంటు గది తలుపు తడితే, ఆ సంభాషణ ఎట్లా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు.

"సార్, బ్రెడ్డు యాక్టివిటీ ఒక పూట పెడదాం. నిజంగ పిండి తడిపి చేయిద్దాం."

"మంచిదే సార్. కాని పిండి పొంగేదాక పిల్లలను ఏం చేయాలె?"

"ఊకె కూసుంటరు. మధ్యలో లేచి చూస్తరు."

"ఊకె కూసుంటె పేరెంట్స్ ఒప్పుకోరు సార్. ఆ గ్యాప్‌ల ఒక స్లిప్ టెస్ట్ పెడదాం."

"సరే, పోనీ మక్కరొట్టె చేయిద్దాం. పొంగే పని లేదు, జల్దీ అయితది."

"మక్కరొట్టె ఇంట్ల చేస్తరు గద సార్. ఇంట్ల చేసేదానికి ఫీజెట్ల తీసుకుంటం?"

"పోనీయండి, నేర్పేతందుకు మంచి మనిషిని తీసుకొస్త. సర్కారు బడిల వండుతది. నూరు మందికి రొట్టెలు కొట్టినా చెయ్యి ఆగది. పిల్లలంటె పానం."

"ఆమె క్వాలిఫికేషన్ ఏంది? బీఈడీ ఉన్నదా?"

"బీడీలున్నయి సార్. ఇరవై ఏండ్లు చుట్టింది."

ఆయన నవ్వడు. ఇట్లాంటి మాటలకు నవ్వే తీరిక ఆయనకు లేదు. డైరీ తీసి, కళ్లజోడు సర్దుకుని, కాసేపు ఆలోచించి అంటాడు:

"టీచర్ లెక్క కుదరదు గాని, రమ్మనుండ్రి సార్. ఆయా పోస్టు ఖాళీ ఉన్నది."